మైపాడు ఒడ్డున ఫిడేలు

నిన్న సాయంకాలము నెల్లూరు దగ్గఱి మైపాడులో ఒక పెండ్లివిందున, అతిథులందఱును చేపలపులుసు వడ్డించు బల్లలవైపు త్వరపడుచుండగా, వేదికమూల తివాచీపై కూర్చున్న ఫిడేలు విద్వాంసులొకరు, వాద్యపు తలను కుడి చీలమండపై ఆనించి, ఉప్పుగాలి తేమకు బిగిసిన బిరడాలతో పెనగులాడుచు, పాటపాటకును శ్రుతి సరిచూచుకొనుచు, కల్యాణి వాయించుచుండిరి.

బాలుస్వామి దీక్షితులు (1786–1858) మదరాసు ప్రాంతమున ఒక ఐరోపావానివద్ద నేర్చి మన సంగీతమునకు మప్పిన యీ వాద్యము, ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో ఏకవాద్య కచేరీల గౌరవమును పొందియు, పెండ్లియింట మాత్రము ముహూర్తమును సన్నాయికి విడిచి, నేటికిని రిసెప్షనుతోనే తృప్తిపడుచున్నది.

న్యాయమే లెండి! తుమ్ములను దగ్గులను మఱుగుపఱచు గట్టిమేళము ఫిడేలుకు చేతనగునా?

అయినను, వినువారు లేనిచోట గమకమొక్కటియు తఱుగనీయక వాయించుట, సభలో కచేరీకన్న కష్టమని నాకు తోచినది.

ఇంతలో ఒక కుఱ్ఱవాడు వచ్చి సినిమాపాట అడిగెను. ఆయన నవ్వి, ఎస్.పి. బాలుగారి పాట నెత్తుకొనిరి. మన నెల్లూరాయన గదా, పళ్లెములు చేతబట్టుకొనియే సగముమంది వెనుదిరిగిరి!

మీ యింటి పెండ్లిండ్లలో ఫిడేలు పెట్టించిరా? ఏ పాట అడిగితిరి?