ఖుల్లా హిసాబ్

కర్నూలులో మాదో చిన్న డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ. మనుషులం ముగ్గురం. బిర్యానీ హోటలు, పళ్ళ డాక్టరు, కోచింగ్ సెంటరు లాంటివాళ్ళకు ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, గూగుల్‌లో ప్రకటనలు పెడతాం, రీల్స్ తీస్తాం. "బేటా క్యా కర్తా?" అని ఎవరైనా అడిగితే అబ్బా "ఫోన్లో పబ్లిసిటీ" అంటారు. అంతకంటే సాఫ్‌గా నేనూ చెప్పలేను.

ప్రతి నెలా మొదటి వారంలో లింక్డ్‌ఇన్‌లో మా హిసాబ్ పెడతాను. ఆమ్దనీ ఎంత, ఖర్చు ఎంత, పక్కన మొదలుపెట్టిన కారోబార్లు ఎక్కడిదాకా వచ్చాయి, అన్నీ. ఈ రివాజు నాది కాదు. 2013లో బఫర్ అనే కంపెనీ తన ఉద్యోగులందరి జీతాలూ బయటపెట్టింది. 2014లో పీటర్ లెవెల్స్ అనే డచ్ కుర్రాడు 12 నెలల్లో 12 కారోబార్లు మొదలుపెడతానని ఎలాన్ చేసి, ఆ కహానీ జనం ముందే రాసుకుంటూ పోయాడు. నోమాడ్ లిస్ట్ అలా పుట్టిందే.

మన ఇళ్ళల్లో ఇది పూర్తిగా ఉల్టా. ఎక్కువొస్తే నజర్, తక్కువైతే బేఇజ్జతీ. "సబ్‌కు కాయ్‌కు బోల్‌నా రే?" అని అమ్మీ ఎన్నిసార్లందో.

నా మజ్బూరీ వేరు. నెలలో పదివేల మంది ఫాలోవర్లను తెస్తామని చెప్పి డబ్బు తీసుకుని మాయమైనవాళ్ళను దుకాణదారులు చూసి ఉన్నారు. కొత్తగా వచ్చినవాడికి మా మీద భరోసా ఎలా కలగాలి? రెండేళ్ళ హిసాబ్ కళ్ళముందుంటే మాట్లాడటం సులువవుతుంది. పండగలకూ ఆఫర్లకూ దుకాణాలు పెట్టుకునే తెలుగు పోస్టు డిజైన్లు నెలకు 199 రూపాయలకిస్తాం. రంజాన్, ఉగాది, సంక్రాంతి, అన్నిటికీ ఉంటాయి. 41 మంది తీసుకుంటున్నారు, అంటే నెలకు 8,159 రూపాయలు. అందులో సగానికి పైగా ఆ హిసాబ్ చదివి వచ్చినవాళ్ళే. దర్జీల కొలతల యాప్ మాత్రం నాలుగు నెలల్లో ఆపేశాను. మా గల్లీ దర్జీకి కాగితం పుస్తకమే హాయిగా ఉంది. అదీ రాశాను.

పోయిన ఏడాది అసలు ఇంతెహాన్ వచ్చింది. మా పెద్ద క్లయింటు, ఒక బట్టల దుకాణం, సీజన్ అయిపోగానే పని ఆపేసింది. 1,54,000 ఉన్న ఆమ్దనీ మరుసటి నెల 94,000కు దిగింది. అలాగే రాశాను. అప్పుడే చెల్లికి ఒక రిష్తా నడుస్తోంది. అబ్బాయి చాచా ఆ పోస్టు చదివి, "ఆప్‌కే బేటేకా కామ్ ఠీక్ నై చల్‌రా?" అని అబ్బానే అడిగాడు.

అబ్బా ఆ రాత్రి నాతో "తీసెయ్" అన్నారు. చెల్లి పక్కనే ఉంది. "తీయొద్దు భాయ్. ఒక నెల నంబరు చూసి వెనక్కెళ్ళేవాళ్ళు నికాహ్ అయినాక తెలిస్తే ఏం చేస్తారు?" అంది. నేను తీయలేదు. ఆ ఇంటినుంచి మళ్ళీ ఫోను రాలేదు. ఎందుకో వాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు. అబ్బా చాలా రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు.

ఒకరోజు ఆయనే అన్నారు. ముప్పై ఏళ్ళు కిరాణా నడిపిన మనిషి. "నా ఉధార్ ఖాతాలో ఎవరి పన్నా వాళ్ళకే తెరిచాను. ఒకరిది ఇంకొకరికి చూపించలేదు. నీ హిసాబ్ నువ్వు చూపించుకో. అమానత్ మాత్రం తెరవకు."

ఆ మాటతో కూర్చుని మా కాగితాలన్నీ వేరుచేశాను. క్లయింటు సంగతి బయటికి రాదు. "బట్టల దుకాణం" అని రాసినా చాలు, కర్నూలులో ఎవరో తెలిసిపోతుంది. వాళ్ళ పేజీ, ప్రకటనల ఖాతా వాళ్ళ పేరుమీదే ఉంటాయి. మాకు పనిచేసే ఇజాజత్ మాత్రమే. ప్రకటన డబ్బూ, దానిపైన 18 శాతం జీఎస్టీ వాళ్ళ కార్డునుంచే నేరుగా వెళ్తాయి. రేపు మమ్మల్ని వదిలి వెళ్ళినా వాళ్ళ సొత్తు వాళ్ళ దగ్గరే ఉంటుంది.

జీతాలూ రాయను. బఫర్ ముచ్చట చెప్పి మావాళ్ళిద్దరినీ అడిగాను. డిజైనర్ ఆపా వెంటనే వద్దంది. "నా జీతమెంతో అత్తగారింట్లో తెలిస్తే నా చేతిలో ఒక్క రూపాయి మిగలదు భాయ్." ఇప్పుడు కిరాయి, కరెంటు, ఇంటర్నెట్, జీతాలు కలిపి ఖర్చు అని ఒకటే అంకె వేస్తాను.

మిగిలింది నాది, అది ఖుల్లాగానే ఉంది. పోయిన నెల 1,07,000. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నంబరు తీసుకోవాలి. ఆ హద్దు ఎంత దూరముందో కూడా అందులోనే రాస్తున్నాను. చెల్లి బీఎడ్ చదువుతోంది. కొత్త రిష్తా వస్తే ముందు ఆ హిసాబే చూపించమంటోంది, నవ్వుతూ.

అబ్బాకు లింక్డ్‌ఇన్ రాదు. పోస్టు పెట్టే ముందు చదివి వినిపిస్తాను. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, "ఇస్‌మే కిస్‌కా పన్నా హై రే?" అని ఒక్కటే అడుగుతారు.