సూదీ దారం... ఏ సందులో?

చీర కొనడానికి హైదరాబాద్‌లో ఒక గంట చాలు. ఏ మెయిన్‌రోడ్డు మీద నిలబడినా నాలుగైదు అంతస్తుల దుకాణం ఒకటి కనిపిస్తుంది. లిఫ్టు ఎక్కి, నచ్చింది ప్యాక్ చేయించుకుని దిగిపోవచ్చు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఫాల్ కావాలి. లైనింగ్ కావాలి. లంగా గుడ్డ రంగు కలవాలి. చేతులకు అంచు చాలకపోతే లేసు వెతకాలి. కొంగుకు కుచ్చులు, వీపు మీద డోరీలకు లట్కన్లు, హుక్కులు, దారం... చీర ఖరీదు ముందు ఇవి లెక్కలోకి రావు. కానీ వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఆ చీర బీరువాలోంచి బయటకు రాదు!

చిత్రమేమిటంటే ఇంత పెద్ద ఊళ్లో ఇవన్నీ ఒకేచోట దొరికే బజారు లేదు. గుడ్డ ఒక దిక్కు, జరీ మరో దిక్కు, గుండీలు ఇంకో దిక్కు. ఏది ఏ సందులో దొరుకుతుందో చెప్పే బోర్డు ఎక్కడా ఉండదు. అత్త కోడలికి, కుట్టు నేర్పినావిడ నేర్చుకున్న అమ్మాయికి చెబితే తెలియాల్సిందే. ఇంటి గేటుకు ‘ఇచ్చట జాకెట్లు కుట్టబడును’ అని చిన్న రేకు తగిలించుకుని బతుకుతున్న వేలమందికి ఆ ఎరుకే పెట్టుబడి. వీధి చివరి దుకాణంలో మీటరు చొప్పున కొనే లైనింగ్‌కీ, టోకు బజారులో తాను తెచ్చుకునే లైనింగ్‌కీ మధ్య మిగిలే తేడా కుట్టుకూలికి తోడవుతుంది మరి.

ఎండలో చూడాల్సిన రంగు

వెతుకులాట సికింద్రాబాద్ జనరల్ బజారు నుంచి మొదలుపెట్టడం మేలు. ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టుపక్కల అల్లుకున్న సందులివి. రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి ఆగాలి. ఆ ఇరుకులోనే చీరలు, డ్రెస్ మెటీరియల్, బంగారం, గాజులు అన్నీ ఉన్నాయి. అయినా కుట్టేవాళ్లు ఇక్కడికి వచ్చేది మాత్రం మ్యాచింగ్ సెంటర్ల కోసం.

మ్యాచింగ్ సెంటర్ అంటే తెలుగువాళ్ల ఇళ్లలో కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. నేల నుంచి కప్పు దాకా అరలు. అరల నిండా మడతపెట్టిన టూ బై టూ, పాప్లిన్, రా సిల్క్, క్రేప్. ఎరుపు ఒక్కటే పాతిక ముప్ఫై రకాలుగా ఉంటుంది. మిరపపండు, దానిమ్మ, కుంకుమ, మెరూన్... గల్లా పక్కన నిలబడ్డ కుర్రాడు చీర అంచు వైపు ఒక్క చూపు చూసి, ‘రండక్కా, ఇది మన దగ్గరుంది’ అంటూ సరిగ్గా ఆ అరలోకే చెయ్యి పెడతాడు. అదేం చదువో గానీ ఏ కాలేజీలోనూ చెప్పరు.

తెలిసిన దుకాణదారు రంగును ట్యూబ్‌లైటు కింద తేల్చడు. చీరను, గుడ్డను పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి ఎండలో చూపిస్తాడు. వేర్వేరు అద్దకాలతో వచ్చిన రెండు రంగులు ఒక దీపం కింద కవలల్లా ఉండి, పగటి వెలుగులో విడిపోవడం మామూలే. నెమలికంఠం, పాచిరంగు, వంకాయరంగు విషయంలో ఈ మోసం మరీ ఎక్కువ. అందుకే సాయంత్రం దీపాలు పెట్టాక మ్యాచింగ్‌కు వెళ్లడం అనుభవం ఉన్నవాళ్లు చేయని పని. ఫోన్లో ఫొటో తీసుకెళ్లి చూపించడం అంతకంటే దండగ. ఒక్కో ఫోన్ ఒక్కో రంగు చూపిస్తుంది. చీర బరువనిపిస్తే ఫాల్ వేసే లోపలి అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాగితంలో మడిచి పట్టుకెళ్లినా చాలు.

ఈ దుకాణాల మీద ఒక దెబ్బ పడింది. ఒకప్పుడు చాలా చీరలకు జాకెట్టు గుడ్డ విడిగా కొనాల్సి వచ్చేది. ఇప్పుడు చీరతోనే కలిసి వస్తోంది. రంగు టూ బై టూ గుడ్డ కోసం వచ్చేవాళ్లు తగ్గారు. మరి దుకాణాలు ఎలా నిలబడ్డాయి? లైనింగ్, లంగాల వల్ల కొంత. చీరతో వచ్చిన ముక్కను పక్కన పెట్టి కలంకారీ, ఇకత్, బెనారస్ గుడ్డతో వేరే రంగు జాకెట్టు కుట్టించుకునే మోజు వల్ల మరికొంత. రంగు కలపడానికి పుట్టిన దుకాణం ఇప్పుడు కలవని రంగులు అమ్ముకుని బతుకుతోందన్నమాట!

ఇకత్ గుడ్డ మీటర్ల లెక్కన కావాలంటే నగరం దాటి పోచంపల్లి వెళ్లేవాళ్లూ ఉన్నారు. సుమారు 50 కిలోమీటర్లు. పది జాకెట్లకు సరిపడా తెచ్చుకుంటే తప్ప దారి ఖర్చు గిట్టదు.

రెసిడెన్సీ బజారు నుంచి గ్రోసు లెక్కల దాకా

కోఠి దగ్గరి సుల్తాన్ బజారుది వేరే కథ. బ్రిటిష్ రెసిడెన్సీ పక్కన పెరిగిన బజారు కాబట్టి దీన్ని రెసిడెన్సీ బజారనేవారు. 1933లో తిరిగి నిజాం ఏలుబడిలోకి వచ్చాక సుల్తాన్ బజారైంది. మెట్రో మార్గం ఈ ఇరుకు వీధి మీదుగా వెళ్తుందన్నప్పుడు వ్యాపారులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. చివరకు 2020 ఫిబ్రవరి 7న ఆ మార్గం ప్రారంభమైంది. ఆరేడు వారాలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చి బజారుకు తాళం పడింది. ఇప్పుడు మెట్రో దిగితే బజారే. వీధి వెంట కట్ పీసులు, డ్రెస్ మెటీరియల్, చున్నీలు... బేరం ఆడగలిగినవాళ్లకు పండగ.

కట్ పీసుల్లో ఒక కిటుకుంది. పొడవు ఒక్కటే చూసి కొంటే ఇంటికొచ్చాక ఏడవాలి. పన్నా కూడా అడగాలి. 36 అంగుళాల పన్నా అయితే మామూలు జాకెట్టుకు మీటరు దాకా పడుతుంది. 44 అంగుళాలైతే 80 సెంటీమీటర్లతో సర్దుకోవచ్చు. 58 అంగుళాల గుడ్డ మీటరు ధర ఎక్కువ కనిపించినా, డ్రెస్సుకు కత్తిరించేటప్పుడు చవకగా తేలే సందర్భాలే ఎక్కువ. ఇంకో సంగతి, పాతకాలపువాళ్లు ఇంకా గజాల్లో చెబుతారు. గజమంటే 36 అంగుళాలు, మీటరంటే 39 పైచిలుకు. అయిదు గజాలు రాసిచ్చిన చోట అయిదు మీటర్లు కొంటే దాదాపు అరగజం అదనంగా వచ్చినట్టే.

అక్కడి నుంచి బేగంబజారుకు ఆటోలో వెళ్లిపోవచ్చు. ఇక్కడ గుడ్డకంటే దాని చుట్టూ ఉండే సరంజామా ముఖ్యం. జిప్పులు, ఎలాస్టిక్, హుక్కుల అట్టలు, టిచ్ బటన్లు, లేసు చుట్టలు, దారం డబ్బాలు. మార్వాడీ, గుజరాతీ కుటుంబాలు తరాలుగా వ్యాపారం చేస్తున్న టోకు బజారిది. ఒక జాకెట్టుకు ఆరు హుక్కులు కావాలంటే ఇక్కడ ఎవరూ తల ఎత్తి చూడరు. గుండీలు గ్రోసు లెక్క. గ్రోసు అంటే 144. ఇంట్లో తమకు మాత్రమే కుట్టుకునేవాళ్లకు ఈ బజారు అనవసరం, మోత దండగ. కుట్టే పనే జీవనమైన వాళ్లకు మాత్రం నెలకోసారి రావాల్సిన చోటు. ఒకే కాలనీలోని ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చి సరుకు పంచుకోవడమూ ఉంది. కరోనా రోజుల్లో మాస్కులు కుట్టి ఇల్లు గడుపుకున్నవాళ్లు ఎలాస్టిక్ కోసం ఎంత తిరిగారో ఇంకా మరచిపోలేదు.

తూకానికి జరీ

మూసీ దాటితే నయాపూల్, మదీనా చౌరస్తా, ఆపైన పత్తర్‌గట్టి. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని బాగు చేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు కట్టించిన రాతి కమానుల వరుసే పత్తర్‌గట్టి. కమానుల కింద షేర్వానీ గుడ్డలు, సూటింగులు, పెళ్లి బట్టలు. పక్క సందుల్లోని పటేల్ మార్కెట్, రికాబ్‌గంజ్ టోకు గుడ్డల అడ్డాలు. లైనింగ్ తానుల కోసం వచ్చేది ఇక్కడికే. తెలిసిన ఆడవాళ్లు అన్ని రంగుల్లోనూ తానులు కొనరు. తెలుపు, నలుపు, స్కిన్, ఎరుపు, మెరూన్... త్వరగా అయిపోయేవి మాత్రం తానుల్లో తీసుకుని, మిగతావి ఎప్పటికప్పుడు కాలనీ మ్యాచింగ్ సెంటర్లో మీటరు చొప్పున కొంటారు. డబ్బు అరల్లో ఇరుక్కోకుండా ఉండాలిగా!

చార్మినార్ దాకా నడిచి పడమటికి తిరిగితే లాడ్ బజారు. గాజుల వీధిగానే అందరికీ తెలుసు. గాజుల మెరుపు చూస్తూ నడిచేవాళ్లు మధ్యలో ఉన్న లేసు దుకాణాలు దాటేసి వెళ్లిపోతుంటారు. గోటా, కిరణ్, జరీ అంచులు, అద్దాలు, చమ్కీలు, కుందన్లు... హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతురు ధరించే ఖడా దుపట్టాకు కావాల్సిన ఆరు గజాల సింగారం అంతా ఇక్కడే సమకూరుతుంది. మగ్గం వర్క్‌కు వాడే జర్దోసీ, డబ్కా, నక్షీలను మీటర్లలో కాదు, బంగారంలా తూకం వేసి ఇస్తారు. చిన్న కాగితం పొట్లంలో గ్రాముల లెక్కన కొనుక్కెళ్తారు. అందుకే మగ్గం పని తీసుకునేవాళ్లు డిజైన్ చూడగానే ముందు సరుకెంత పడుతుందో అంచనా వేస్తారు. అంచనా తప్పి సగంలో అయిపోతే, రెండోసారి తెచ్చిన జరీ మొదటిదానితో కలవకపోవచ్చు. ఒక చెయ్యి పసుపు, ఒక చెయ్యి రాగి! ఆ జాకెట్టును పెళ్లివాళ్లు తీసుకోరు.

సెక్రటేరియట్ అవతలి కాలనీల నుంచి మొదటిసారి వచ్చేవాళ్లు ఇక్కడి ఉర్దూకు కాస్త జంకుతారు గానీ అవసరం లేదు. ఆపా, బాజీ అని పిలిచే దుకాణదార్లే తెలుగులో ‘ఎన్ని మీటర్లమ్మా?’ అని అడుగుతారు. కావాల్సిన రంగు ఎక్కడా దొరక్కపోతే తెల్ల గుడ్డ కొని అద్దకం వేయించుకునే వీలూ పాత బస్తీలో ఉంది. దుపట్టాలకు ఇది బాగా కుదురుతుంది. అయితే పాలిస్టర్ గుడ్డ మీద నూలుకు వేసే రంగు పట్టదు. నూలో, పట్టో అయి ఉండాలి.

నష్టం ఎవరిది?

గుడ్డ పరీక్షకు ఇంట్లో ఉన్న అగ్గిపెట్టె చాలు. నాలుగు పోగులు లాగి కాలిస్తే నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. అసలు పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి ముద్దవుతుంది. ‘ప్యూర్’ అని చెప్పి అమ్మే రా సిల్క్‌లో ఏది ప్యూరో ఇలా ఇట్టే తేలిపోతుంది. (పోగులు దుకాణంలో కాల్చకూడదు. చుట్టూ ఉన్నదంతా గుడ్డే!)

లైనింగ్‌కు మాత్రం నీళ్ల పరీక్ష. కొత్త నూలు లైనింగ్ నీళ్లలో పడితే కుంచించుకుపోతుంది. తడపకుండా కుట్టేస్తే మొదటి ఉతుకులోనే జాకెట్టు లోపలికి ముడుచుకుంటుంది. ఎరుపు, మెరూన్, నీలం లైనింగ్ అయితే కొసను తడిపి తెల్ల గుడ్డ మీద రుద్ది చూడాలి. రంగు దిగే లైనింగ్ చెమటకు కంచిపట్టు జాకెట్టు మీదికి ఎక్కితే ఇక వదలదు. ఆ నష్టం గుడ్డ నేసినవాడిదీ కాదు, అమ్మినవాడిదీ కాదు. కుట్టినావిడదే. కూలి పోవడమే కాదు, ఆ ఇంటి నుంచి మళ్లీ పని రాదు. మీటరుకు నాలుగు రూపాయలు తక్కువని తెచ్చిన లైనింగ్ ఒక పెళ్లి సీజన్‌ను తినేయగలదు. అందుకే కుట్టుపనిలో పాతుకుపోయినవాళ్లు దుకాణం అంత తేలిగ్గా మార్చరు. బేరం అక్కడే, అలకా అక్కడే, అప్పూ అక్కడే.

ఎప్పుడు వెళ్లాలన్నదీ చూసుకోవాలి. ఆదివారం టోకు దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి. రంజాన్ నెలలో పత్తర్‌గట్టి, లాడ్ బజారు అర్ధరాత్రి దాకా కిటకిటలాడతాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ రంగు కలపడానికి పనికిరాదు. ఆషాఢంలో బోనాల రోజులు తప్పిస్తే జనరల్ బజారులో దుకాణదారుకు తీరిక ఉంటుంది. పది తానులు విప్పించినా విసుక్కోడు. శ్రావణం వచ్చిందంటే ఆ ఓపిక ఉండదు.

ఇక సూది. అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే ఎక్కువ తిప్పేదీ ఇదే. ఇళ్లలో ఉండే కాలి మిషన్ సూదికి పైభాగం ఒకవైపు చదునుగా ఉంటుంది. టైలరింగ్ షాపుల్లోని పవర్ మిషన్లకు సాధారణంగా గుండ్రటి మొదలున్న సూది వాడతారు. ఒకటి ఇంకోదానికి పట్టదు. నంబరు కూడా ముఖ్యమే. పల్చని పట్టుకు 11, మామూలు జాకెట్టు గుడ్డకు 14, మందపాటి గుడ్డకు 16 లేదా 18. ‘మిషన్ సూది ఇవ్వండి’ అంటే దుకాణదారు ‘ఏ మిషన్‌కి?’ అంటాడు. ఇంట్లో మిషన్ పేరు ఎవరికి గుర్తుంటుంది! విరిగినా సరే, పాత సూదిని కాగితంలో చుట్టి పర్సులో వేసుకెళ్తే సరిపోతుంది. బాబిన్, బాబిన్ కేసుదీ అదే దారి. పాతది చూపించి అలాంటిదే అడగాలి. మ్యాచింగ్ సెంటర్లో కాదు, మిషన్లు రిపేరు చేసే దుకాణంలో.