యతి తప్పించిన హెడ్‌సెట్టు

చూపున్నవారికి కంప్యూటరులో శబ్దం ఒక అదనపు సౌకర్యం. పాట మోగకపోతే కాసేపు విసుక్కుని వేరే పనిలో పడతాం. తెరను చెవులతో చదువుకునేవారికి మాత్రం శబ్దమే తెర. అది ఆగిందంటే గదిలో దీపం ఆరినట్టే. లినక్సులో ధ్వని, బ్లూటూతుల సంగతి నేను శ్రద్ధగా తెలుసుకోవడానికి ఇదే కారణం.

మా చిన్నాన్నగారు ముప్పయ్యేళ్లు బడిలో తెలుగు చెప్పారు. గ్లాకోమా వల్ల చూపు పోయింది. ఇప్పుడాయన చదువంతా ఉబుంటు మీదనే. తెర మీది అక్షరాలను పట్టుకునేది ఓర్కా, వాటిని తెలుగులో పలికేది ఈస్పీకు. రెండూ స్వేచ్ఛా సాఫ్టువేర్లే. ఆ గొంతు యంత్రపు గొంతే అయినా, "ఎవరినీ బతిమాలకుండా చదువుకుంటున్నాను, అది చాలురా" అంటారు.

ఆయన వినే ప్రతి మాట వెనుకా పెద్ద కథ ఉంది. 1990లలో లినక్సుకు ఓఎస్‌ఎస్ అనే ధ్వని వ్యవస్థ ఉండేది. చాలా సౌండుకార్డులతో ఒకసారికి ఒక ప్రోగ్రాము మాత్రమే శబ్దం చేయగలిగేది. పాట మోగుతున్నంతసేపూ తెర చదివే గొంతు ఊరుకోవలసిందే. 2003 డిసెంబరులో విడుదలైన 2.6 కెర్నెలుతో అల్సా ఆ స్థానానికి వచ్చింది. దాని మీద కూర్చుని అందరి శబ్దాలనూ కలిపి పంపే పల్స్‌ఆడియోను 2007లో ఫెడోరా 8, 2008లో ఉబుంటు 8.04 స్వీకరించాయి. తొలినాళ్లలో అది పెట్టిన తలనొప్పులు పాత బ్లాగర్లకు గుర్తుండే ఉంటాయి. ఆపైన విమ్ టేమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైరు 2021లో ఫెడోరా 34లోకి, 2022లో ఉబుంటు 22.10లోకి ప్రవేశించింది. పల్స్‌ఆడియో భాష, సంగీతకారులు వాడే జాక్ భాష రెండూ దానికి వచ్చు. అందుకే పునాది మారినా పైన కాపురమున్న ప్రోగ్రాములకు ఆ సంగతి తెలియలేదు.

బ్లూటూతు దారి ఇంత నున్నగా సాగలేదు. దాన్ని నడిపే బ్లూజ్ 2001లోనే కెర్నెలులో చేరింది. కానీ 2012 నాటి బ్లూజ్ 5, హెడ్‌సెట్టుతో మాట్లాడే బాధ్యతను తాను వదులుకుని ఇతర ప్రోగ్రాములకు అప్పగించింది. ఓపెన్‌బీఎస్‌డీ అయితే 2014లో బ్లూటూతు మద్దతునే తొలగించింది. అసలు చిక్కు బ్లూటూతు నిర్మాణంలోనే ఉంది. వినడానికి ఒక దారి, వింటూ మాట్లాడడానికి ఇంకొక దారి. మొదటి దారిలో శబ్దం నిండుగా వస్తుంది. మైకు తెరిచామా, రెండవ దారికి మళ్లి, సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలతో సరిపెట్టుకోవాలి. చిన్నాన్నగారు కూతురితో మాట్లాడేటప్పుడు ఆమె గొంతుతో పాటు తెర గొంతు కూడా నూతిలోంచి వచ్చినట్టు వినిపించేది ఇందుకే. 2020లో వెలువడిన బ్లూటూతు 5.2తో కొత్త దారి ఏర్పడింది గానీ, అటు హెడ్‌సెట్టుకూ ఇటు కంప్యూటరుకూ రెండింటికీ అది తెలిసి ఉండాలి.

ఇంత తంటా ఉన్నా ఆయన బ్లూటూతునే కోరుకున్నారు. తీగ ఉన్న హెడ్‌సెట్టు కుర్చీ చేతికి చుట్టుకునేది. లేచి నిలబడితే మెడ పట్టి లాగేది. కొత్తది పెట్టుకున్న వారానికే ఒక ఫిర్యాదు వచ్చింది: "ఏరా, ఇది ప్రాస ఉంచి యతి మింగేస్తోందే!"

ఆయన పద్యాన్ని పాదం పాదంగా వింటారు. కింది బాణపు మీట నొక్కి ఒక పాదం విని, కాసేపు ఆలోచించి, మళ్లీ నొక్కుతారు. అలా నొక్కిన ప్రతిసారీ మొదటి అక్షరం ఎగిరిపోతోంది. రెండవ అక్షరం నుంచి వినిపిస్తుంది గనుక ప్రాస దక్కుతుంది. మొదటి అక్షరం లేకపోతే యతిమైత్రి ఎవరితో? వచనంలో అయితే మరీ ప్రమాదం: అసత్యం కాస్తా సత్యమైపోతుంది.

వెతికితే కారణం దొరికింది. ఐదు సెకన్లపాటు ఏ ప్రోగ్రామూ శబ్దం చేయకపోతే ధ్వని పరికరాన్ని నిద్రపుచ్చడం పైప్‌వైరు వెంట ఉండే నిర్వాహక ప్రోగ్రాముకు అలవాటు. విద్యుత్తు ఆదా అవుతుంది. తీగ ఉన్నది సాధారణంగా పిలవగానే లేస్తుంది. బ్లూటూతుకు గాలిలో దారి మళ్లీ తెరుచుకోవాలి, ఆలోగా అక్షరం జారిపోతుంది. గబగబా చదువుకుపోయేవారికి ఈ లోపం కనబడనే కనబడదు. ఐదు సెకన్లు ఆగి ఆలోచించేవారికే ఆ నష్టం! ఆ ఐదు అంకెను పెట్టినవారి మనసులో పాటలు వినేవారు ఉండి ఉంటారు. పాట మొదట్లో ఒక క్షణం పోతే ఎవరూ పట్టించుకోరు. పాదానికొకసారి ఆగే తెలుగు పంతులు వారి ఊహకు అందకపోవడంలో ఆశ్చర్యమేముంది?

అయితే ఆ అంకె ఒక మామూలు పాఠ్యపు ఫైలులో ఉంటుంది. మనం చూడగానే జంకే ఆ నల్లని టెర్మినలు కిటికీ, బొమ్మలూ బొత్తాములూ లేనిది కావడం వల్ల, చెవితో చదివేవారికి అన్నిటికంటె సులభం. నేను ఫైలు పేరు చెప్పాను. ఆయనే తెరిచి, వరుస వరుసా విని, ఐదు చెరిపి సున్నా పెట్టారు. నిద్ర రద్దయింది. హెడ్‌సెట్టు బ్యాటరీ త్వరగా ఖర్చవుతోంది, రాత్రిపూట ఛార్జింగుకు పెట్టుకుంటున్నారు. ఆ బేరం ఆయనకు సమ్మతమే.

ఆ పేరు చెప్పడానికి పక్కన ఒకరు ఉండవలసి వచ్చింది గనుక, అంతా బాగుందని నేను అనను. స్వేచ్ఛా సాఫ్టువేరును ప్రేమించే మనం ఇలాంటి చిన్న చిన్న అంకెల ఆచూకీని తెలుగులో రాసి పెడితే, మరొక పంతులుగారు మేనల్లుడి కోసమో అన్న కొడుకు కోసమో ఎదురుచూడనక్కరలేదు. చిన్నాన్నగారు అప్పుడే ఆ పనిలో దిగారు. ఆ ఫైలులో తన సున్నాకు పైన, తర్వాత చదివేవారి కోసం, తెలుగులో ఒక వ్యాఖ్య రాసుకున్నారు: "ఇక్కడ యతి కాపాడబడినది."