ఎడారికి ఎన్ని మూటలు?

రెండు రోజుల తిరుపతి ప్రయాణానికి నాలుగు బ్యాగులు సర్దుతాం. అక్కడ దొరకని వస్తువేమైనా ఉందా అంటే లేదు. ‘ఎందుకైనా మంచిది’ అన్న ఒక్క మాటతో పెట్టె నిండిపోతుంది. మరి నిజంగానే ఏదీ దొరకని చోటికి వెళ్లాల్సి వస్తే?

అలాంటి చోటు ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉంది. దాని పేరు సింప్సన్ ఎడారి. దాదాపు 1,100 ఎర్రటి ఇసుక దిబ్బలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి ఉంటాయి. పడమర మౌంట్ డేర్ నుంచి తూర్పున బర్డ్స్‌విల్ దాకా 500 కిలోమీటర్లకు పైనే. మధ్యలో పెట్రోలు బంకు లేదు, చిల్లర కొట్టూ లేదు. 1962లో భూగర్భ శాస్త్రవేత్త రెగ్ స్ప్రిగ్ భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని ఈ ఎడారిని దాటారు. మోటారు వాహనంలో దాన్ని దాటిన మొదటివాళ్లు వాళ్లే!

ఇప్పుడు ఏటా ఎంతోమంది వెళ్తున్నారు. బయల్దేరే ముందు చాలామందికి పట్టుకునే జబ్బు ఒక్కటే... సామాను. మడత మంచాలు, బల్లలు, పెద్ద ఫ్రిజ్, రకరకాల లైట్లు, కారు టాపు మీద మరో సంసారం. ఇసుకకి ఈ ఆర్భాటం గిట్టదు. బరువు పెరిగితే చక్రాలు కూరుకుపోతాయి. టాపు మీద బరువుంటే దిబ్బ ఎక్కేటప్పుడు బండి తూగుతుంది. అక్కడ ఆరితేరిన డ్రైవర్లు కొత్త పరికరం కొనే ముందు చేసేది పైసా ఖర్చు లేని పని. టైర్లలో గాలి తగ్గిస్తారు. టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలిగ్గా సాగిపోతుంది.

అలాగని చేతులూపుకుంటూ వెళ్లడం కాదు. 1963 డిసెంబరులో బర్డ్స్‌విల్ దారిలో ఒకే కుటుంబానికి చెందిన అయిదుగురు దాహంతో చనిపోయారు. పెట్రోలు అయిపోతే కారు వదిలి నడిచారు. అది అక్కడ మండువేసవి. ఆ వేడికి భయపడే ఇప్పుడు ఏటా డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు సింప్సన్ పార్కుని మూసేస్తున్నారు.

అందుకే జాబితా చిన్నదే అయినా అందులో ఒక్కటీ తప్పకూడదు. మనిషికి రోజుకి కనీసం అయిదు లీటర్ల నీళ్లు, పైన మరికొన్ని రోజులకు సరిపడా నిల్వ. దారి పొడవునా సరిపోయే ఇంధనం. స్టెప్నీ, గాలి కొట్టే పంపు, పార, శాటిలైట్ ఫోను. ఎదురొచ్చే బండికి దిబ్బ అవతలి నుంచే కనిపించేలా పొడవాటి కర్రకు జెండా. ఎప్పుడు తిరిగొస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్లడం. బండి ఆగిపోతే దాన్ని వదిలి కదలకపోవడం. మిగతావన్నీ ఉంటే మంచిదే, లేకపోయినా మంచిదే.

సామానుకి ఉన్నట్టే పథకానికీ ఓ హద్దుండాలి. ఉదయం ఇన్ని దిబ్బలు, మధ్యాహ్నానికి ఫలానా చోటు అని గంటలు రాసుకుంటే ఎడారి ఒప్పుకోదు. ఒక దిబ్బ మొదటిసారికే ఎక్కనిస్తుంది, ఇంకొకటి అయిదుసార్లు వెనక్కి దింపుతుంది. చేతిలో రెండు రోజులు అదనంగా ఉన్నవాళ్లు నవ్వుతూ మళ్లీ ప్రయత్నిస్తారు. లేనివాళ్లు విసుక్కుంటూ యాక్సిలేటర్ తొక్కి బండి పాడుచేసుకుంటారు. తీరిక ఉన్నవాళ్లకే డల్‌హౌసీ ఊటల గోరువెచ్చని నీళ్లలో ఓ పూట గడిపే భాగ్యం దక్కుతుంది. రెండు రాష్ట్రాలు, ఒక టెరిటరీ సరిహద్దులు కలిసే పోపెల్ కార్నర్ దగ్గర పిల్లలు ఒక్క గెంతులో రాష్ట్రం మారిపోతుంటే చూసే ఓపిక ఉంటుంది.

రాత్రి పొయ్యి ఆరాక చుట్టూ ఒక్క దీపం ఉండదు. తలెత్తితే ఆకాశం నిండా చుక్కలే. వాటిని చూడ్డానికి ఇంటి నుంచి మోసుకెళ్లాల్సిందేమీ లేదు. లైట్లు కాస్త తగ్గించుకుంటే చాలు.