జేజినాయన తుపాకి

సినిమాలో హీరో తుపాకి ఎత్తితే చాలు, ఠాం! మా ఇంటి తుపాకికి మాత్రం ఆ డైరెక్షను పట్టేది కాదండీ!

మాది రాయదుర్గం పక్క పల్లె. 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' మా టెంటుకు ఆలస్యంగా చేరింది. నేల టిక్కెట్టులో మూడుసార్లు చూశాను. కృష్ణగారి పిస్తోలు చూశాక, గోడకు వేలాడే జేజినాయన చెకుముకి తుపాకి మీద చులకన పుట్టింది. (లైసెన్సుదే లెండి. ఎలక్షన్లొస్తే స్టేషనులో అప్పగించి వచ్చేవాడు.)

"ఇదేం తుపాకి జేజినాయనా, పొయ్యికాడి ఊదుగొట్టం!" అనేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ ఏడు వాన చాలక, బతికింది ఒక్క శెనక్కాయ చేను. ఒక రాత్రి అడవిపందులు పడ్డాయి. బెదరగొడదామని జేజినాయన మీట నొక్కాడు. టక్! మళ్ళీ టక్! రాయి ఉక్కుపలకను కొట్టింది గానీ రవ్వ లేదు. మూడోసారి రంజకం గిన్నెలో భుస్సుమంది, గొట్టంలో మందు అంటుకోలేదు. తెల్లారేసరికి సగం చేను దున్నినట్టుంది. నేనన్న మాట నాకే ముల్లయి గుచ్చుకుంది.

బళ్ళారిలో తుపాకి మేస్త్రీ దగ్గరికి నన్నూ తీసుకుపోయాడు. ఆ ముసలాయన చెప్పేదాకా నాకు తెలీదు: మండేది రాయి కాదట, రాయి అంచు గీరి తీసిన ఉక్కు పొట్టు! పలక పైపొర అరిగి లోపలి మెత్తటి ఇనుము తేలితే ఇక రవ్వలెక్కడివి? దాన్ని ఎముకల బొగ్గుతో మట్టిమూసలో పెట్టి ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచాడు. చుయ్‌మన్న ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. రాయికి అంచు చెక్కి, జారకుండా తోలుముక్క చుట్టి బిగించాడు. రంధ్రంలో మసిని సూదితో తీశాడు.

"గిన్నె నిండా రంజకం పోయొద్దు పెద్దాయనా. రంధ్రం మూసుకుంటే మంట లోపలికి దూకదు, వత్తిలా నిదానంగా కాలుతుంది" అన్నాడు. ఆనక, "క్యాపు పెట్టే మాదిరి మార్చేద్దామా?" అనీ అడిగాడు.

గిన్నెలో మెరుపు చూసి పిట్టలు ఎగిరిపోతున్నాయని విసిగిన ఫోర్సిత్ అనే స్కాట్లండు పాదిరి, మెరుపు బయటికి కనపడని పద్ధతికి 1807లో పేటెంటు తీసుకున్నాడు. ఆ క్యాపు దాని తర్వాతి రూపమే. 1840ల్లో ఇంగ్లీషు సైన్యమూ చెకుముకిని వదిలేసింది.

"క్యాపులకు మాటిమాటికీ దుడ్లు యాడ తెచ్చేదప్పా? ఇట్లే ఉండనీ" అన్నాడు జేజినాయన.

మళ్ళీ పందులొచ్చిన రాత్రి మొదటి మీటకే ఆకాశంలోకి ఠాం! అవి పారిపోయాయి. ఆ ఏడు మాకు దక్కింది మాత్రం నాలుగు మూటలే.

2019లో 'సైరా' చూస్తుంటే మనవడు ఈలలేశాడు. నేను మాత్రం తెరమీది తుపాకుల్లో రాయి బిగువుగా ఉందా అని వెతుక్కుంటూ కూర్చున్నాను.