పెరటి గచ్చుకి వాటం

ఇంట్లో ఏదైనా పాడైతే ముందు దాన్ని బాగుచెయ్యం, మనుషుల్నే సర్దుకోమంటాం. తలుపు బిగిస్తే "గట్టిగా నెట్టు" అంటాం. కుళాయి కారితే కింద బకెట్ పెడతాం. మా పెరటి గచ్చు మీద నీళ్ళు నిలిచినన్నాళ్ళూ మా ఇంట్లో వినబడిన మాట కూడా అలాంటిదే: "అమ్మా, జాగ్రత్త. అటు వెళ్ళకు."

వంటింటి గుమ్మం దిగితే పన్నెండడుగుల సిమెంటు గచ్చు. ఆ చివర ప్రహరీగోడ వెంట కాలువ. మధ్యలో తులసికోట, బట్టలుతికే బండ. మా అత్తయ్యగారికి డెబ్భై నాలుగేళ్ళు. పొద్దున్నే తులసమ్మకి నీళ్ళు పొయ్యడం, మధ్యాహ్నం కరివేపాకు చెట్టు నీడలో పీట వేసుకుని చింతపండు గింజలు తియ్యడం, సాయంత్రం పక్కింటి పిన్నిగారితో గోడ మీదుగా కబుర్లు. ఆవిడ రోజులో సగం అక్కడే గడుస్తుంది. నీళ్ళు నిలిచేది సరిగ్గా గుమ్మానికీ తులసికోటకీ మధ్య. వానాకాలం వచ్చిందంటే ఆ మడుగు ఎండదు, పచ్చగా పాకుడు పడుతుంది. పోయినేడు ఒకరోజు కాలు జారి, బండ పట్టుకుని ఆగారు. ఆ రాత్రి మావారు "ఇక పెరట్లోకి వద్దమ్మా, తులసికోటని ముందు వరండాలోకి మార్చేద్దాం" అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు కాఫీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టేశారు.

గచ్చు చేసిన తప్పుకి మనిషికి శిక్ష ఏమిటి అనిపించింది నాకు. పైగా సమస్య కాలు జారడం ఒక్కటే కాదు. వంటింటి గోడ అడుగున చెమ్మెక్కి సున్నం పెచ్చులు ఊడుతోంది. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం పది రోజులు నిలవ నీళ్ళు చాలు. వారానికోసారి నీళ్ళన్నీ పారబోసి ఆరబెట్టమని, ఫ్రైడే డ్రై డే అని ఆరోగ్యశాఖ వాళ్ళు చెప్పేది అందుకేగా!

వాన వెలిసిన గంటకి సుద్దముక్క తీసుకుని నీళ్ళు నిలిచినంత మేరా చుట్టూ గీత గీశాను. లోతుగా ఉన్నచోట అగ్గిపుల్ల నిలబెడితే సగం మునిగింది.

మొదట వచ్చిన మేస్త్రి చూడగానే "టైల్స్ వేసేద్దాం మేడం, అద్దంలా ఉంటుంది" అన్నాడు. పల్లం అలాగే ఉంచి పైన టైల్స్ వేస్తే నీళ్ళు టైల్స్ మీద నిలుస్తాయి, అంతే తేడా. నున్నటి టైలు తడిస్తే సిమెంటు కన్నా ఎక్కువ జారుతుంది కూడా. వద్దన్నాను.

రెండో ఆయన పెద్దవాడు. ముందు సుత్తి పిడితో గచ్చంతా తట్టి చూశాడు. డొల్ల చప్పుడు వస్తే కింద మట్టి కుంగినట్టట, అలాంటప్పుడు గచ్చు పగలగొట్టి మట్టి దిమ్మిస కొట్టాల్సిందే. మాది గట్టిగానే పలికింది. తర్వాత నీళ్ళ గొట్టంతో మట్టం చూశాడు. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో బుడగల్లేకుండా నీళ్ళు నింపి, ఒక కొస గోడ దగ్గర, ఇంకో కొస కాలువ దగ్గర పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. అక్కణ్ణించి కిందికి కొలిస్తే తేడా తెలిసిపోతుంది. పన్నెండడుగులకి ఉన్న వాటం అరంగుళమే!

"అడుగుకి పావంగుళం పల్లం ఉండాలమ్మా. మీకు మూడంగుళాలు కావాలి" అన్నాడు. అంటే గోడ వైపు రెండున్నర అంగుళాలు లేపాలి. నేను వెంటనే వంటింటి మెట్టు కొలిచాను. ఆరంగుళాలుంది. ఇంకా మూడున్నర మిగులుతుంది, కాబట్టి వాన నీళ్ళు లోపలికొచ్చే భయం లేదు. ఇది చూసుకోకుండా గచ్చు లేపేసి, తర్వాత గుమ్మానికి గట్టు కట్టించుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

నున్నటి పాత గచ్చు మీద కొత్త సిమెంటు ఊరికే పోస్తే పట్టదు, ఏడాదిలో అప్పడంలా లేచిపోతుంది. అందుకని పాకుడంతా గీకి, గచ్చు నిండా ఉలితో గాట్లు పెట్టారు. కాలువ వైపు కొత్త పొర మరీ పల్చబడకుండా అక్కడ పాత గచ్చుని అంగుళం లోతు చెక్కేశారు. కడిగి, తడిపి, సిమెంటు పాలు పోసి, ఆ తడి ఆరకముందే సన్న చిప్స్ కలిపిన కాంక్రీటు వేశారు. చివర్లో తాపీతో నున్నగా రుద్దబోతుంటే అత్తయ్యగారు గుమ్మంలోంచి "నాయనా, నున్నగా వద్దు, గరుగ్గా ఉంచు" అన్నారు. కొబ్బరి చీపురుతో కాలువ వైపుకి గీతలు లాగాడు మేస్త్రి.

తర్వాత వారం రోజులూ తడి గోనెసంచులు కప్పి, ఆరనివ్వకుండా తడుపుతూనే ఉన్నాం. నీళ్ళు పోవడానికి చేయించిన గచ్చుకి మూడుపూటలా నీళ్ళు పొయ్యడమేమిటని మా చిన్నాడు ఒకటే నవ్వు. ఈ తడపడం మానేస్తే మాత్రం బీటలు తప్పవు.

అక్టోబరులో అల్పపీడనం పట్టి రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. వెలిశాక అరగంటకి చూస్తే ఎక్కడా మడుగు లేదు, తులసికోట మొదట్లో చిన్న తడి చార తప్ప. అది కూడా మధ్యాహ్నానికి ఆరిపోయింది. తులసికోట ఎక్కడిదక్కడే ఉంది. వరండా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మీ పెరట్లోనూ ఇదే బాధ ఉంటే ఎవర్నీ పిలవకముందే ఒక బకెట్ నీళ్ళు గుమ్మం దగ్గర కుమ్మరించి చూడండి. అవి ఎటు పోతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో సుద్దతో గీసిపెట్టుకోండి. మేస్త్రి వచ్చాక టైల్స్ రంగు గురించి కాదు, వాటం ఎంత ఇస్తావని అడగండి. పని అయ్యాక డబ్బు ఇచ్చేముందు ఇంకో బకెట్ కుమ్మరించండి.