శబ్దం తగ్గిస్తే సంగీతం చెడిపోయినట్టేనా?

విశాఖపట్నం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు కానీ దూరం మారలేదు. బియ్యం, సిమెంటు, పెళ్లి చీరలు వచ్చిన దారినే చాలాకాలం పాటలు కూడా వచ్చాయి. మద్రాసులోనో కలకత్తాలోనో కొన్న క్యాసెట్ ఎవరి సంచిలోనో ఓడెక్కితే తప్ప ద్వీపానికి కొత్త పాట లేదు. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యేదాకా అక్కడ ఇంటర్నెట్ అంటే ఉపగ్రహం దయ. ఒక ఆల్బమ్ డౌన్‌లోడ్ కావాలంటే ఓపిక ఉండాలి.

ఇలాంటి చోట సంగీతం వరుసలో అందదు. ముందు వచ్చినది తర్వాత, తర్వాత వచ్చినది ముందు చేతికి రావచ్చు. ఏదీ రాకపోవచ్చు కూడా. 1976లో విడుదలైన ‘శక్తి’ అనే ఆల్బమ్ ద్వీపంలో ఎవరికైనా అలా, ముందూ వెనకా తెలియకుండా దొరికిందనుకుందాం. వయొలిన్, తబలా, ఘటం, మృదంగం, వాటి మధ్య ఒక గిటార్. వేగంగా, హుషారుగా సాగే కచేరీ. వినేవారికి ఆశ్చర్యపోవాల్సింది ఏమీ కనిపించదు. వరుస తెలిసిన శ్రోతలకు మాత్రం అది పిడుగుపాటు. ఎందుకంటే ఆ గిటార్ వాయించింది జాన్ మెక్‌లాఫ్లిన్.

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టిన మెక్‌లాఫ్లిన్ అమెరికా వెళ్లి, మైల్స్ డేవిస్ పక్కన వాయించి, 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టారు. పేరులో భక్తి ఉన్నా మోత మాత్రం రాక్‌దే. రెండు మెడల ఎలక్ట్రిక్ గిటార్, బిల్లీ కోభమ్ డ్రమ్స్, జాన్ హామర్ కీబోర్డులు, జెర్రీ గుడ్‌మన్ వయొలిన్, రిక్ లెయిర్డ్ బేస్. వేదిక మీద యాంప్లిఫయర్లు గోడలా నిలబడేవి. జాజ్‌లోని ఒడుపు, రాక్‌లోని మోత కలిసిన ఆ సంగీతానికి కుర్రకారు వెర్రెత్తిపోయింది. 1973లో వచ్చిన ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో 15వ స్థానానికి ఎక్కింది. మాటలు లేని వాద్య సంగీతానికి అది మామూలు విజయం కాదు.

అలాంటి మనిషి 1975 జూలై 5న న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలండ్‌లో, సౌతాంప్టన్ కాలేజీలో కచేరీకి వచ్చినప్పుడు యాంప్లిఫయర్ల గోడ లేదు. డ్రమ్స్ లేవు, కీబోర్డులు లేవు. పక్కన వయొలిన్‌తో పాతికేళ్ల ఎల్.శంకర్, తబలాతో 24 ఏళ్ల జాకిర్ హుస్సేన్, ఘటంతో విక్కు వినాయక్‌రామ్, మృదంగంతో రామ్‌నాడ్ రాఘవన్. అంతా కింద కూర్చునే వాయించారు. ఆ కచేరీ రికార్డింగే ఆల్బమ్ అయింది. అందులో ఉన్నవి మూడే రచనలు. ఒకటి 18 నిమిషాలు, మరొకటి దాదాపు అరగంట. మూడు నాలుగు నిమిషాల పాటకు అలవాటుపడిన రేడియో దాన్ని ఎక్కడ ఇరికించాలి?

అభిమానులు పెదవి విరవడంలో వింతేమీ లేదు. వాళ్లు మూర్ఖులూ కాదు. జేబు డబ్బు పోగేసి కొన్న రికార్డుల్లో, అరిగేదాకా విన్న పాటల్లో వాళ్ల యవ్వనం ఉంది. తమకు ప్రాణమైనదాన్ని దాని సృష్టికర్తే పక్కన పెట్టేస్తే అది తమను పక్కన పెట్టినట్టే అనిపిస్తుంది. అప్పుడు నోటికి వచ్చే మొదటి మాట ‘చెడిపోయాడు’. సంగీత చరిత్రలో ఆ మాట చాలామంది పడ్డారు. చిత్రమేమిటంటే దానికి పదేళ్ల ముందు, 1965 జూలైలో, న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో బాబ్ డిలాన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నందుకు సభలో కొందరు కేకలు వేసి గోల చేశారు. ఆయన తీగకు కరెంటు తగిలించి చెడిపోతే, మెక్‌లాఫ్లిన్ కరెంటు తీసేసి చెడిపోయారన్నమాట. తప్పు కరెంటుది కాదని తేలిపోతూనే ఉంది.

మరి ‘శక్తి’లో నిజంగా ఏం మారింది? పాత రికార్డును, కొత్త రికార్డును పక్కపక్కన పెట్టి వింటే తెలిసేది ఒకటే. పోయింది మోత. మిగిలింది లెక్క. మహావిష్ణు ఆర్కెస్ట్రాలో అందరినీ తికమకపెట్టిన బేసి తాళాలు, గిటార్, వయొలిన్ ఒకే స్వరవరుసను మెరుపు వేగంతో జంటగా పలికించడం, ఒకరు విసిరితే ఇంకొకరు అందుకునే సవాలు జవాబు ‘శక్తి’లోనూ అలాగే ఉన్నాయి. నిజానికి అవి అసలు ఇంటికి చేరాయి. అరిస్తే తప్ప వినపడవనుకున్నవి నింపాదిగా పలికినా వినపడ్డాయి.

అది ఒక్క రాత్రిలో కలిగిన వైరాగ్యం కూడా కాదు. ఎలక్ట్రిక్ గిటార్‌తో ప్రపంచ ప్రసిద్ధుడై ఉండి కూడా మెక్‌లాఫ్లిన్ కర్ణాటక విద్వాంసుడు ఎస్.రామనాథన్ దగ్గర శిష్యుడిగా చేరి వీణ నేర్చుకున్నారు. గిబ్సన్ కంపెనీ ఆయన కోసం ప్రత్యేకంగా ఒక గిటార్ తయారుచేసింది. ప్రధాన తీగల కింద ఏటవాలుగా శ్రుతి కోసం మరో ఏడు తీగలు అమర్చారు. మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిచారు. వీణ మీద చేసినట్టు తీగను లాగి స్వరాన్ని ఊపడానికే ఆ ఏర్పాటు. అంటే ఆయన మార్చుకున్నది వేషం కాదు, చెయ్యి. కొత్త పాటకు ముందు కొత్త పాఠం ఉంది.

మూల్యం మాత్రం చెల్లించక తప్పలేదు. ‘శక్తి’ అమ్మకాలు మహావిష్ణు రికార్డుల దరిదాపులకు రాలేదు. మరో రెండు ఆల్బమ్‌ల తర్వాత 1978కల్లా ఆ బృందం విడిపోయింది. అదే ఏడాది మెక్‌లాఫ్లిన్ విడుదల చేసిన ఆల్బమ్ పేరు ‘ఎలక్ట్రిక్ గిటారిస్ట్’. పేరులోనే సంగతంతా ఉంది. అన్ని తెగింపులూ ఇలాగే ముగుస్తాయని కాదు. 2000లో బ్రిటన్ బృందం రేడియోహెడ్ తమకు పేరు తెచ్చిన గిటార్లను వెనక్కి నెట్టి, ఎలక్ట్రానిక్ ధ్వనులతో ‘కిడ్ ఎ’ చేసింది. ఒక్క సింగిల్ విడుదల చేయకపోయినా అది బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానంలో నిలిచింది. ప్రతిఫలం ఎప్పుడు, ఎంత దక్కుతుందో ముందే తెలిస్తే దాన్ని ప్రయోగం అనరు.

‘శక్తి’కి ప్రతిఫలం ఆలస్యంగా అందింది. 1997లో ‘రిమెంబర్ శక్తి’ పేరుతో ఆ సంగీతం మళ్లీ వేదికలెక్కింది. 1977 తర్వాత 46 ఏళ్లకు, 2023లో, స్టూడియో ఆల్బమ్ ‘దిస్ మూమెంట్’ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ అవార్డు దక్కింది. ఆ ఏడాది డిసెంబర్‌లో జాకిర్ హుస్సేన్ కన్నుమూసే నాటికి, ఒకప్పుడు దారి తప్పిందనుకున్న సంగీతం తానే ఒక సంప్రదాయమైపోయింది. దాన్ని అనుకరిస్తున్న బృందాలు ఇప్పుడు లెక్కకు మిక్కిలి.

ఈ కథలో తెలుగువాడు కూడా ఉన్నాడు. రెండో విడత బృందంలో చేరిన ఉప్పలపు శ్రీనివాస్‌ది పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లు. 1969లో పుట్టిన ఆయన ఆరేళ్లకే తండ్రి మాండలిన్ పట్టుకున్నారు. 1978లో, తొమ్మిదేళ్ల వయసులో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. అది కూడా ఎలక్ట్రిక్ మాండలిన్ మీద. అక్కడ మెక్‌లాఫ్లిన్ కర్ణాటక సంగీతం కోసం కరెంటు తీసేస్తే, ఇక్కడ ఈ బాలుడు త్యాగరాజ కీర్తనకు కరెంటు తగిలించాడు. మెట్లున్న విదేశీ వాద్యం మీద గమకం పలుకుతుందా అని పెద్దలు సందేహించారు. నాలుగు జతల తీగలుండే వాద్యాన్ని శ్రీనివాస్ ఐదు ఒంటి తీగలకు మార్చుకున్నారు. సందేహాలకు ఆయన మాటలతో జవాబు చెప్పలేదు, గమకంతో చెప్పారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబర్‌లో 45 ఏళ్లకే కన్నుమూశారు. వాద్యం పేరే ఆయన ఇంటిపేరై నిలిచిపోయింది.

‘చెడిపోయింది’ అనే తీర్పు సంగీతానికే పరిమితం కాదు. అండమాన్‌లోని తెలుగువాళ్లకు అది బాగా పరిచయం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం మందికి, అంటే దాదాపు 50 వేల మందికి, మాతృభాష తెలుగు. వీరిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలవి. బెంగాలీ, తమిళం, మలయాళం, నికోబారీ మాట్లాడేవాళ్ల మధ్య అక్కడ అందరినీ కలిపే భాష హిందీ. బడిలో, బజారులో, జెట్టీ దగ్గర పిల్లల నోట ముందు వచ్చేది అదే. ఇంటికొచ్చాక తెలుగు వాక్యంలో హిందీ మాటలు దూరతాయి. రెండు మూడేళ్లకోసారి సెలవులకు సొంతూరు వెళ్తే పెద్దమ్మో మేనత్తో బుగ్గ మీద చెయ్యేసుకుని అనేస్తుంది: “ఏటర్రా, మీ తెలుగు ఇలాగైపోనాది?”

ఆ మాట ప్రేమతో అన్నదే. అయినా పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. మరోసారి నోరు విప్పాలంటే జంకుతారు. తప్పొస్తుందేమోనన్న భయంతో తెలుగు మానేసి హిందీలోకి జారుకుంటారు. చెడిపోయిందన్న తీర్పు ఆ భాషను బాగుచేయదు, మరింత త్వరగా ఖాళీ చేస్తుంది.

అలాగని మారినదంతా మంచిదే అని సరిపెట్టుకుంటే ఇంకో ప్రమాదం. నేర్చుకున్నాక విడిచిపెట్టడం వేరు, నేర్చుకోకుండానే పోగొట్టుకోవడం వేరు. మెక్‌లాఫ్లిన్ మోతను వదులుకోగలిగారంటే చేతిలో లెక్క ఉండబట్టే. శ్రీనివాస్ జత తీగలను తీసేయగలిగారంటే ఏ స్వరం ఎక్కడ ఊగాలో ముందే తెలియబట్టే. ఇంట్లో తెలుగు కథ వినని, సామెత తగలని పిల్లవాడు హిందీ కలిపి మాట్లాడితే అది ప్రయోగం కాదు. ఆ ఇంట్లో ఒక తరం తన పని చేయలేదని అర్థం.

చేయాల్సిన పనికి అదే పాలకొల్లు కుర్రవాడి బాల్యంలో దారి దొరుకుతుంది. ఆయనకు సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. అందుకని ఆయన ఆ వాద్యాన్ని తప్పుపట్టలేదు, మానుకొమ్మనీ అనలేదు. తనకు వచ్చింది పాట కాబట్టి పాడారు. శిష్యుడు దాన్ని తన తీగల మీద వెతుక్కున్నాడు. ద్వీపంలో పుట్టిన మనవడి హిందీ అర్థంకాని శ్రీకాకుళం అమ్మమ్మ కూడా అదే పని చేయవచ్చు. తనకు తెలిసిన తెలుగులో, తన యాసలోనే, రోజుకో కథ చెప్పవచ్చు. మనవడు దాన్ని ఏ భాష కలిపి తిరిగి చెప్పినా ముందు ఆ కథ చెవిన పడాలి.